తెల్లగుడ్డ కట్టిన చెట్టు

గట్టి చెట్టును చెక్క సుత్తితో కొడితే చప్పుడు పొట్టిగా ఉంటుంది. తలుపు మీద ఒక్కసారి తట్టినట్టు అక్కడికక్కడే ఆగిపోతుంది. లోపల పుచ్చిన చెట్టును కొడితే చప్పుడు లోపలికి పోయి, కాస్త తిరిగి, ఖాళీ డ్రమ్ములోంచి వచ్చినట్టు బయటికి వస్తుంది. ఈ తేడా నాకు నేర్పింది మా మామయ్యే.

గాలుల కాలానికి ముందు నాలుగు నెలలు పార్కులో సీజన్ పని ఉంటుంది. గడ్డి కోయడం, కంచె మొక్కలు కత్తిరించడం, పిచ్చి తీగలు లాగెయ్యడం అందరూ చేసేదే. చెట్లు చూసే పని మాత్రం మామయ్యది. ఒక్కో మానును నాలుగు వైపులా సుత్తితో కొట్టి వింటాడు. వెంట రిజిస్టరు పట్టుకుని నేను తిరుగుతాను. ఆయన ‘గట్టి’ అంటే చెట్టుకు తెల్లగుడ్డ, ‘బోలు’ అంటే ఎర్రగుడ్డ. చెట్టు నంబరుకు ఎదురుగా అదే మాట రాస్తాను. ఊళ్ళో బడిలో పదో తరగతి దాకా చదివాను, అక్షరాలు గుండ్రంగా వస్తాయి. ఆ అర్హత మీదే మామయ్య నన్ను తనతో తీసుకొచ్చి ఈ పనిలో పెట్టించాడు.

ఎర్రగుడ్డ కట్టిన చెట్లను కొట్టేస్తారు. అయితే పుచ్చిన చెట్టు మీద ఎవరూ కాలు పెట్టరు. పక్కనున్న తెల్లగుడ్డ చెట్టుకు తాడు వేసుకుని ఎక్కి, అక్కణ్ణుంచి దాన్ని పైనుంచి కిందికి ముక్కలుగా కోసుకొస్తారు. అంటే తెల్లగుడ్డ ఉన్న చెట్టు మనిషి బరువు మోస్తుందని మేం మాట ఇచ్చినట్టే.

ఆ మాట నమ్మి ఎక్కే మనిషిని పార్కులో అందరూ ‘కోతి’ అంటారు. నేను చిన్నదాన్ని కాబట్టి చివర ‘అన్నా’ అని చేరుస్తాను.

“కోతి అన్నా ఏంటే? తిట్టీ తిట్టనట్టు. ఉత్త కోతి అనేసెయ్, నీ సొమ్మేం పోయింది?” అనేవాడు. మామయ్యకు ‘డాక్టరు’ అని పేరు పెట్టింది కూడా ఆయనే, రోగి రొమ్ము మీద తట్టినట్టు చెట్లను తడతాడని. నన్ను ‘రాత పిల్ల’ అనేవాడు. “దీనికి నోట్లో నాలుక లేదురా. దేవుడు ఆ నాలుక తీసి పెన్ను చేసిచ్చాడు.”

మామయ్యకు ఇది పదో సీజన్. విడవకుండా పది సీజన్లు చేసినవాళ్ళను పర్మనెంట్ చేస్తారు. ఆ తర్వాత ఏటా గేటు ముందు నిలబడి, నన్ను పిలుస్తారా లేదా అని ఎదురుచూడక్కర్లేదు. మామయ్యకు యాభై ఆరేళ్ళు. ఇప్పుడు కాకపోతే మళ్ళీ మొదటి సీజన్ నుంచి ఎక్కడా మొదలుపెట్టలేడు.

ఆయన ఎడమ చేతిని నేను మొదట గమనించాను. పోయిన సీజన్‌లో కుడి చేత్తో కొడుతూ, ఎడమ అరచెయ్యి చెవి వెనక పెట్టుకునేవాడు. ఈసారి ఆ అరచేతిని మాను మీద ఆనిస్తున్నాడు. చప్పుడు వినడం లేదు, అదురు చూస్తున్నాడు. నాకు మొదట అది కొత్త పద్ధతేమో అనిపించింది.

మేం ఉండేది ఒకటే గది. మధ్యలో తెర కట్టి, అటువైపు వంట. ఒక ఆదివారం మామయ్య తెరకు వీపు పెట్టి చెప్పులు కుట్టుకుంటున్నాడు. కుక్కర్ కూత వేసింది. ఆ గదిలో కుక్కర్ కూత వేస్తే పక్కింటి పిల్లాడు కూడా ఉలిక్కిపడతాడు. మామయ్య చేతిలో సూది తప్పలేదు. రెండో కూతకూ అంతే. నేను తలెత్తి అత్తయ్యను చూశాను. ఆమె అప్పటికే నన్ను చూస్తోంది.

ఆయన నీళ్ళకు బయటికి వెళ్ళాక అత్తయ్య నా పక్కన కూర్చుంది.

“ఎన్నాళ్ళయింది అత్తయ్యా?”

“పోయిన చలికాలం నుంచి. ముందు ఎడమ చెవి పోయింది. ఇప్పుడు రెండోది కూడా.” చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. “పర్మనెంట్‌కి పరీక్ష చేస్తే కళ్ళు చూస్తారంట, రక్తం చూస్తారంట. చెవులు చూడరంట. పోయినేడు పర్మనెంట్ అయినవాళ్ళని అడిగి కనుక్కున్నాడు. పర్మనెంట్ కాగితం రావడానికి ఇంక ఆరు వారాలే కదే. నీ నోరు కదలకుండా చూసుకో. అసలే కదలదు.”

అప్పుడు అర్థమైంది అత్తయ్య ఈ మధ్య మామయ్య ఎదురుగా వచ్చి నిలబడి ఎందుకు మాట్లాడుతోందో. ఆయన ఆమె పెదవులు చదువుతున్నాడు.

మర్నాడు నూట పన్నెండో చెట్టు దగ్గరికి వచ్చాం. చెరువు పక్కన పచ్చిక మధ్యలో ఉంటుంది. నా తలకు కాస్త పైన రెండు పెద్ద కొమ్మలుగా చీలుతుంది. ఆకు నిండుగా, పచ్చగా ఉంది. మామయ్య మూడు వైపులా కొట్టాడు, పొట్టి చప్పుడే. నాలుగో వైపు, చీలిక కింద కొట్టాడు. చప్పుడు లోపలికి వెళ్ళి తిరిగి వచ్చింది.

“గట్టి. తెల్లది కట్టు,” అన్నాడు.

నేను గుడ్డ తియ్యలేదు. ఆయన ముఖం ఎదురుగా వెళ్ళి, “మామయ్యా, ఇటువైపు ఇంకోసారి కొట్టవా?” అన్నాను.

పక్క చెట్టు నూట పదమూడుకు అప్పటికే ఎర్రగుడ్డ ఉంది. దాని కింద తాడు చుట్టుకుంటున్న కోతి అన్న పకపకా నవ్వాడు. “ఏం రాత పిల్లా, డాక్టరుకే పరీక్ష పెడుతున్నావా? నాడి చూడ్డం అప్పుడే వచ్చేసిందా?” అటుగా వెళ్తున్న సూపర్‌వైజర్ కూడా ఆగి చూశాడు.

మామయ్య నా పెదవులు చూశాడు, తర్వాత సూపర్‌వైజర్‌ని చూశాడు. ఆయన కళ్ళలో కనిపించిన భయం నేను అంతకుముందు ఎవరి కళ్ళలోనూ చూడలేదు. “గట్టి అన్నానుగా,” అన్నాడు, ఈసారి గట్టిగా.

నేను తెల్లగుడ్డ కట్టాను. రిజిస్టరులో ‘గట్టి’ అని గుండ్రంగా రాశాను.

తర్వాత తొమ్మిది రోజులు రోజుకోసారైనా ఆ చెట్టు దగ్గరికి వెళ్ళి చూశాను. గాలులు రావడానికి ఇంకా నెల ఉంది, ఈలోగా ఆరు వారాల్లో చాలావరకు గడిచిపోతుంది, అప్పుడు ఎలాగోలా ఆ గుడ్డ మార్చేద్దాం అనుకున్నాను. గాలికి కొమ్మ విరగడం ఒక్కటే నా తలలో ఉంది. ఆ చెట్టు కింద కూర్చునే గడ్డి కోసే ఆడవాళ్ళతో, అక్కడ ఎర్రచీమలున్నాయని అబద్ధం కూడా చెప్పాను. పక్కనే ఎర్రగుడ్డ కనిపిస్తున్నా, తాడు సంగతి నాకు తట్టలేదు. పెన్ను పట్టుకునేదాన్ని, తాడు పట్టుకునేదాన్ని కాదు.

పదో రోజు మధ్యాహ్నం ఆకు కదలనంత ఉక్కగా ఉంది. నేను పచ్చికకు ఈ చివర, సామాన్ల షెడ్డు దగ్గర కత్తెర్ల నంబర్లు రాసుకుంటున్నాను. రంపం మోత వినిపించి తలెత్తాను. నారింజ రంగు తాడు నూట పన్నెండు పైకి వెళ్తోంది. చీలికకు చాలా పైన, కొమ్మ మీద కోతి అన్న నిలబడి, వంగి, నూట పదమూడు కొమ్మ కోస్తున్నాడు. కింద మామయ్య తాడు రెండో కొస పట్టుకుని, నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

రిజిస్టరు ఎక్కడ పడిందో తెలియదు. పరిగెత్తాను.

“అన్నా దిగు! దిగన్నా! మామయ్యా, దించు! దించెయ్!”

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. గడ్డి కోసేవాళ్ళు కొడవళ్ళు ఆపి తిరిగారు. చెరువు గట్టున నడిచేవాళ్ళు తిరిగారు. పార్కులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు, ఆ ఇద్దరు తప్ప. కోతి అన్న రంపం మోతకు చెవులకు మూతలు పెట్టుకున్నాడు. మామయ్యకు మూతలు అక్కర్లేదు.

నేను ఇంకా ముప్పై అడుగుల దూరంలో ఉండగా, కోతి అన్న నిలబడిన కొమ్మ చీలిక దగ్గర విడిపోయింది. పెద్ద చప్పుడు కాలేదు. తడిగుడ్డ చించినట్టు వినిపించింది. చేతిలో తాడు వదులయ్యాక గాని మామయ్య పైకి చూడలేదు.

చీలిక లోపల చెక్కే లేదు. తడిసిన రంపపు పొట్టులాంటిది గోధుమరంగులో గుప్పుమని రాలి, పడి ఉన్న మనిషి ముఖమంతా కప్పేసింది. నేను దాన్ని నా ఓణీతో తుడిచాను. “కాళ్ళ మీద ఏదో పడింది, తియ్యండ్రా,” అన్నాడు కోతి అన్న. కాళ్ళ మీద ఏమీ లేదు.

శనివారం మామయ్యనూ నన్నూ సూపర్‌వైజర్ తన గదికి పిలిచాడు. బయల్దేరేముందు అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకుంది. “రాయడంలో తప్పయిందని చెప్పవే. నీకు ఇంకో పని దొరుకుతుంది. ఆయనకి దొరకదు. నీ కాళ్ళు పట్టుకుంటా.” నేను సరే అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. నేను రాసిందీ తప్పేగా.

సూపర్‌వైజర్ బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. “వెన్నుపూస పోయిందంట. ఇక నడవడు,” అన్నాడు. “మన డాక్టరు ఇన్నేళ్ళలో ఒక్క చెట్టూ తప్పు చెప్పలేదు. కాబట్టి నువ్వే తప్పు రాసుంటావ్. అవునా?”

మామయ్య చేతిలో సుత్తి ఉంది. ఆయన సూపర్‌వైజర్‌ని కాదు, నన్ను చూస్తున్నాడు. నా పెదవుల్ని.

నోరు తెరవబోయాను. అంతలో సూపర్‌వైజరే అన్నాడు, “సరే, ఏదో ఒకటి తేల్చండి. సోమవారం నుంచి కోతి తమ్ముడు ఎక్కుతాడు. పని ఆగకూడదు.”

నా కళ్ళు రిజిస్టరు మీద పడ్డాయి. ‘గట్టి’, ‘గట్టి’, ‘గట్టి’. పేజీ తర్వాత పేజీ, నా గుండ్రటి అక్షరాలు. ఒక్క చెట్టు తప్పు నా మీద వేసుకుంటే మిగతా తెల్లగుడ్డలు అన్నీ అలాగే ఉంటాయి. మొదటిదాని మీద ఆ తమ్ముడు సోమవారం తాడు వేస్తాడు.

నా పెదవులు చదవగలిగేలా మామయ్య వైపు తిరిగి చెప్పాను. “మామయ్యకి వినపడదు సార్. సీజన్ మొదలవ్వకముందు నుంచే. ఆ చెట్టు బోలని నేను విన్నాను. విని కూడా తెల్లగుడ్డ కట్టాను. చెట్లన్నీ మళ్ళీ కొట్టాలి.”

“నాకు వినపడుతుంది సార్,” అన్నాడు మామయ్య. “చిన్నపిల్ల, భయపడింది.”

సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేచి, మా వెనక కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మామూలు గొంతుతో, “డాక్టరూ, సుత్తి బల్ల మీద పెట్టు,” అన్నాడు. కాసేపు ఆగి మళ్ళీ అన్నాడు.

మామయ్య సుత్తి పట్టుకునే, నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేనే ఆయన చేతిలోంచి సుత్తి తీసుకుని బల్ల మీద పెట్టాను.

“చెట్లన్నీ మళ్ళీ అయ్యేదాకా నువ్వుండు,” అన్నాడు సూపర్‌వైజర్ నాతో. “తర్వాత నువ్వు కూడా రానక్కర్లేదు.”

ఇప్పుడు సుత్తి నేను పట్టుకుంటాను, ఇంకెవరో రాస్తారు. తెల్లగుడ్డ కట్టిన ఎనభై ఆరు చెట్లలో ఇంతవరకు ఏడు బోలువి తేలాయి. తాడు వేసేముందు కోతి అన్న తమ్ముడు గుడ్డ వైపు చూడడు, నా వైపు చూస్తాడు. నేను ఇంకోసారి కొట్టి వినిపిస్తాను.

ఒకరోజు ఆస్పత్రికి వెళ్ళాను. “అరిచావంటగా,” అన్నాడు కోతి అన్న, పైన తిరిగే ఫ్యాను చూస్తూ. “నోట్లో నాలుకుందన్నమాట.” నవ్వబోయి ఆగాడు. “నీకు ఎప్పుడు తెలిసిందే?”

“నువ్వు ఎక్కడానికి తొమ్మిది రోజుల ముందు.”

“తొమ్మిది రోజులా,” అన్నాడు. నేను లేచి వచ్చేదాకా ఫ్యాను వంకే చూస్తున్నాడు.

ఇవాళ ఉయ్యాలల పక్కనున్న పెద్ద చెట్టు చూశాను. రోజంతా పిల్లలు ఉండే చోటు అది. రెండుసార్లు కొట్టాల్సిన పని కూడా లేకపోయింది. ఇంటికి వచ్చాక మామయ్య ముందు కూర్చున్నాను. ఆ శనివారం నుంచి ఆయన నాతో మాట్లాడడం లేదు. అయినా చెప్పాలనిపించింది. అత్తయ్య తెర పక్కన నిలబడి చూస్తోంది.

“మామయ్యా, ఉయ్యాలల దగ్గర చెట్టుంది చూడు,” అన్నాను నెమ్మదిగా, పెదవులు కనపడేలా. “మనం తెల్లది కట్టాం. అది కూడా...”

మాట సగంలో ఉండగానే మామయ్య కళ్ళు మూసుకున్నాడు. మిగతా సగం అత్తయ్య ఒక్కతే విన్నది.