తోకరెక్క మీది నీలం

నేను ఒక స్ప్రే గన్‌ను. పేరులో తుపాకీ ఉన్నా ఎవరినీ గాయపరచలేదు. చాలామందికి దగ్గు మాత్రం తెప్పించాను. విజయవాడ ఆటోనగర్‌లో యేసోబు చేతిలో ఏళ్లపాటు లారీలకు రంగులు వేశాను. రంగులో చూసుకుని మీసం దువ్వుకోగలిగితేనే అక్కడ ఓనరు ఒప్పుకుంటాడు. అందుకని పూత మీద పూత.

సుదర్శనంగారు యేసోబు దగ్గర ఆ పనే నేర్చుకుని, నన్ను కంకిపాడు దగ్గరున్న తన షెడ్డుకు తెచ్చుకున్నారు. అక్కడ ఆయనా, భార్య చంద్రమతిగారూ ఇద్దరు కూర్చునే చిన్న విమానాన్ని సొంతంగా కడుతున్నారు. తోకరెక్కకు ఆయనే నీలం వేశారు. నున్నగా, దళసరిగా, అచ్చం లారీకి వేసినట్టే. ఆ వారంలోనే ఆయన గుండె ఆగింది. నాలో మిగిలిన నీలం ఎండిపోయింది.

వానలు వెళ్లాక చంద్రమతిగారు షెడ్డు తెరిచి యేసోబును పిలిపించారు. తోకలో పైకీ కిందికీ ఆడే ఆ రెక్కను విప్పి, కీళ్ల దగ్గర దారాలకు వేలాడదీశారు. అది తక్కెడలా సమంగా నిలవాలి. వెనక అంచు కిందికి వాలింది. సరిచేసి వదిలారు. మళ్లీ వాలింది.

“రంగు బరువెక్కువైంది. వేగం అందుకుంటే రెక్క వణుకుతుంది. వణికి వణికి ఊడిపోతుంది,” అన్నారామె.

“ముందేపు సీసం కడదామండీ.”

“కట్టగలిగినంత కట్టేశాం. ఇక చోటు లేదు.”

“లారీ అయితే దిగి తోసేవోళ్లం. దీంట్లోంచి ఎక్కడ దిగుతాం?” అని నవ్వబోయి, యేసోబు ఆమె ముఖం చూసి ఆగాడు. “గోకేస్తానండీ.”

అంచున ఒకచోట రంగు జారి చుక్కగా గట్టిపడింది. ఆయన చెయ్యి క్షణం తడబడిన చోటు అది. ఆమె వేలు దాని మీదే ఉంది.

“సార్ ఏసిన రంగు. దీన్ని గోడకి తగిలిచ్చుకోండి మేడంగారూ, ఇంకో రెక్క చేసుకోవచ్చు.”

“ఆయన దీన్ని గోడకు తగిలించడానికి చేశారా?” అంటూ చెయ్యి చాపారు. “ఉప్పుకాగితం ఇలా ఇవ్వండి.”

ఆమే గోకారు. నీలం పొడి మోచేతుల దాకా అంటుకుంది. యేసోబు నన్ను థిన్నరులో నానబెట్టాడు. పాత రంగు కరిగి నేలమీదికి పారింది. తర్వాత ఆమే నన్ను పట్టుకుని పలచగా ఒక్క పూత వేశారు.

“ఇంకోటి?” అన్నాడు యేసోబు, అలవాటు చావక.

“వద్దు.”

ఆరాక మళ్లీ వేలాడదీశారు. వెనక అంచు కొద్దిగా దిగింది. పైకి లేచింది. ఊగింది. నిలిచింది.

“ఊపిరి వదలండి యేసోబుగారూ, రెక్కకేం కాదు,” అన్నారామె.

ఇప్పుడు నేను షెడ్డులో మేకుకు వేలాడుతున్నాను. కొన్ని ఉదయాలు తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, లోపల నేల ఖాళీగా ఉంటుంది. ఆ పూటల్లో యేసోబు పని మానుకుని వస్తాడు. ఆకాశంలో చంద్రమతిగారి విమానం చప్పుడు మళ్లీ దగ్గరయ్యేదాకా గుమ్మంలోనే నిలబడతాడు. గ్లాసులో టీ చల్లారిపోతుంది.