ఇంటికి పోయే రాళ్లు

మాల్యాద్రి వల విసిరితే ఆత్మకూరు బస్టాండులో కాకులు లేచేవి. వల లాగితే చేపలతోపాటు ఉదయగిరి కొండ నీడ కూడా సగందాకా వచ్చేది. పాపమని ఆయనే వదిలేసేవాడు. అంతటివాడైనా పొద్దున్నే ఏటికి పోతూ దోవలో సైకిలు ఆపాల్సిందే. ముందురోజు పిల్లలు మామిడికాయల మీదికి విసిరిన రాళ్లు దొర్లుకుంటూ ఏట్లోకి తిరిగిపోతుంటాయి కదా, వాటికి దోవ ఇవ్వాలి. ఆ తట్టు వాగురాళ్లంతే. ఎక్కడ ఎత్తితే అక్కడికే పోయి పడుకుంటాయి. గుమ్మానికి అడ్డమొస్తే ఆడవాళ్లు చీపురుతో అదిలిస్తారు.

ఆ బుధవారం గట్టున జీపు ఆగింది. నీళ్లు పరీక్ష చేసే సరళ నెల్లూరు నుంచి వచ్చింది. జీపు మాత్రం ఏటి ఎగువన బట్టలకి రంగులద్దే షెడ్డు పెట్టిన శ్రీకృష్ణది. మాల్యాద్రి కనుబొమలు అక్కడే ముడిపడ్డాయి. పోయిన నెల ఆ షెడ్డు గొట్టం వదిలిన నీళ్లకే చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఇప్పుడీమె ఏరు బాగుందని రాసిందా, షెడ్డు రెండింతలవుతుంది. పల్లెవాళ్లకు తాగే నీళ్లూ ఉండవు, పట్టే చేపా ఉండదు.

"షెడ్డోళ్ల బండ్లో వచ్చినావే అమ్మణ్ణీ?"

"కలిగిరిలో బస్సు తప్పిపోయింది పెద్దాయనా."

"ఆహా! నీకు బస్సు తప్పిపోతే శ్రీకృష్ణకి కలొచ్చిందా?"

"నన్ను అనుమానిస్తున్నారా?"

"నా నీడనే నమ్మను, నువ్వెంత!"

ఆ షెడ్డులోనే ట్రాక్టరు తోలే అల్లుడు సురేశ్‌బాబు పక్కనుంచి నవ్వాడు. "ఊరుకో మామా. మేడమ్‌ని పని చేసుకోనీ."

సరళ సీసాలో నీళ్లు ముంచి మందుచుక్కలు వేసి చూసింది. "నీళ్లు బాగానే ఉన్నాయి."

"వారంగా గొట్టం కట్టేస్తే బాగుండవా?"

"అందుకే పురుగుల్ని కూడా చూస్తాను. నీళ్లు ఈ పూట సంగతే చెప్తాయి. రాళ్లకింది పురుగులు నెలల సంగతి చెప్తాయి. మురికిలో మూడు తోకల పురుగు బతకదు, ఎర్ర పురుగు బతుకుతుంది."

ఏట్లోకి దిగి, దిగువన జాలీవల ఆనించి, రాళ్లను కాలితో తన్నింది. ఆ తన్నుకి సోమశిల గేట్లు అదిరాయి. వలను తెల్ల పళ్లెంలో దులిపితే అన్నీ మూడు తోకలవే!

సరళ కళ్లలోనూ అనుమానం దిగింది. "అర్జీ పెట్టింది మీరే కదా? చేపలు నిజంగా చచ్చాయా?"

"ఈ చేతుల్తోనే పూడ్చినాను! నువ్వు చెప్పు, షెడ్డులో నీకేం పెట్టినారు? కాఫీనా, బిర్యానీనా?"

అంతలో ఆమె తన్నిన చోటినుంచి ఒక రాయి గట్టెక్కింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మేకలమందలా బోలెడు. రాళ్లు నడవడం వింత కాదు. అవి ఏటిని వదిలి పడమటికి, ఉదయగిరి రోడ్డు పట్టాయి. అదీ వింత.

"ఇవి మనవి కావే. కొండవాగు రాళ్లు!" అంటూ మాల్యాద్రి నీళ్లలో చెయ్యి పెట్టాడు. చిరిగిన వల చేతికొచ్చింది. నీలం దారపు ముడులు, తను వేసినవే. ఆదివారం చేపలకని అల్లుడు అడిగి తీసుకుపోయిన వల. రాళ్లు ఇంటికి పోతాయని తెలిసినవాడు కాబట్టే, మంచి పురుగులున్న కొండరాళ్లు తెచ్చి దానికింద అదిమిపెట్టాడు. సరళ కాలు ఆ వలని చింపేసింది.

లోకాన్నంతా అనుమానించిన మాల్యాద్రికి సొంత గడప గుర్తురాలేదు.

సరళ రాళ్లు లేచిపోయిన చోట మళ్లీ జాలీవల పెట్టింది. ఈసారి పళ్లెం నిండా ఎర్ర పురుగులే.

"శ్రీకృష్ణ నన్ను సూపర్‌వైజర్ని చేస్తానన్నాడు మామా..."

వలపోగుల్లో చిక్కిన ఒక్క రాయి పడమటికి గుంజుకుంటోంది. దాని అడుగున మూడు తోకల పురుగు ఎండకి ముడుచుకుంటోంది. మాల్యాద్రి పోగు తెంపి రాయిని అల్లుడి చేతిలో పెట్టాడు.

"నువ్వు ఎత్తుకొచ్చిందే కదరా. పురుగు చస్తాది. నీళ్లల్లో పెట్టుకోని పోయి దిగబెట్టి రా."

సురేశ్‌బాబు దాన్ని బకెట్ నీళ్లలో వేయగానే బకెట్టు పడమటికి ఒరిగి అతన్ని లాక్కుపోయింది. ఆ రాళ్లు ఎక్కడ పడుకుంటాయో చూడాలని సరళ సీసాలు సర్దుకుని వెంట నడిచింది.

షెడ్డు గేటు దగ్గర శ్రీకృష్ణ కేకేశాడు. "రేయ్ సురేశా, యాడికిరా? ట్రాక్టరు తియ్యి!"

అలవాటుకొద్దీ సురేశ్‌బాబు కాళ్లు ఆగబోయాయి. బకెట్టు ఆగలేదు.