ముందు దుప్పి దాటాక

సైలస్ తాత పళ్ళు మూడు రాలిపోయాయి. ఆయన తుపాకీ లాక్కుని, దాని మడమతోనే ఆయన మూతి మీద కొట్టాడు రేంజరు హోల్కమ్. పడవల రేవులో, పట్టపగలు, ఇరవైమందిమి చూస్తుండగా. తాతకి అప్పటికి మిగిలినవే నాలుగు పళ్ళు. అంటే ప్రభుత్వం ఒక్క దెబ్బతో ముప్పాతిక ఆస్తి జప్తు చేసిందన్నమాట.

"తుపాకీతో పార్కులో అడుగుపెట్టబోయావ్. నేరం," అన్నాడు హోల్కమ్.

తాత రక్తం ఉమ్మాడు. "నేను పుట్టినప్పుడు ఇది పార్కు కాదు నాయనా."

రెండో దెబ్బ పక్కటెముకల మీద పడింది. తుపాకీని బురదలోకి విసిరేసి, "ఇంకోసారి కనిపిస్తే కాల్చేస్తా" అని పడవెక్కాడు వాడు.

మా అలాస్కా ఉత్తరాన కారిబూ దుప్పులే అన్నం. మా ఊరికీ అవి దిగే కొండకీ మధ్య పన్నెండు మైళ్ళు. కిందటి చలికాలం రాజధానిలో ఎవరో మ్యాపు మీద గీత గీసి ఆ పన్నెండు మైళ్ళూ పార్కు చేశారు. ఊళ్ళో తుపాకీ ఉండొచ్చు. అవతలి వాగు దాటాక వేటాడొచ్చు. మధ్యలో మాత్రం తుపాకీ కనిపించకూడదు. అంటే మేము భోంచేసి కునుకు తీస్తుంటే తుపాకీలు వాటంతటవే ఎగిరిపోయి, వాగవతల మాకోసం కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. అనుమతికి ఆరొందల మైళ్ళ దూరంలో ఆఫీసుంది. అర్జీ పెట్టాం. జవాబు వచ్చేలోపు దుప్పులు దక్షిణానికి పోయి, పిల్లల్ని కని, వాటికి పెళ్ళిళ్ళు చేసి తిరిగొస్తాయి.

సెప్టెంబరులో వారం రోజులే అవి ఇటు వచ్చేది. ఆ వారం పోతే ఊరికి చలికాలం తిండి లేదు.

ఆ సాయంత్రం చర్చి హాల్లో అందరం కూడాం. ఊరి పెద్ద వాల్టర్ చేతులూపాడు. "ఆవేశం వద్దు. లాయరుకి ఉత్తరం రాశాను. కోర్టులో తేల్చుకుందాం."

"కోర్టుని ఎండబెట్టుకు తింటావంట్రా వాల్టరూ?" అంది బెసీ అవ్వ. "కొవ్వయినా ఉందా దానికి?"

"వాళ్ళ దగ్గర చట్టం ఉందత్తా."

"మన దగ్గర ఆకలుంది. రెండిట్లో ఏది ముందు పుట్టిందో కనుక్కో."

నేను లేచాను. నేను లేస్తే జనం ముందే నవ్వుతారు. బడి గంట తీసేసి ఎండుచేప వేలాడదీసిన చరిత్ర నాది.

"తుపాకీ మోయొద్దన్నారుగా? మానేద్దాం. విప్పేసి, ఒకరు గొట్టం, ఒకరు మడమ, ఒకరు మరలు పట్టుకుని నడుద్దాం. అవతల బిగించుకుందాం. తుపాకీ ఎవరి దగ్గరుందో ఆ హోల్కమ్ గాణ్ణి వెతుక్కోనీ."

"ఎల్మరుగాడి బుర్ర కూడా విప్పి మోద్దాం. బరువుండదు," అన్నారెవరో. కానీ అందరి మొహాలూ వెలిగాయి.

అప్పుడు సైలస్ తాత వాచిన మూతితో మెల్లగా అన్నాడు. "నాది విప్పకండి. భుజానేసుకుని ముందు నేను నడుస్తా."

"చంపేస్తారు తాతా!"

"దుప్పుల్లో ముందు నడిచేదాన్ని మనమేం చేస్తాం?"

"దాటనిస్తాం," అన్నాం అందరం, బడిపిల్లల్లా.

"ఎందుకూ?"

"దాటకముందే కొడితే మంద వెనక్కి తిరుగుతుంది. అది దాటిందంటే మిగతావి చచ్చినా ఆ దారి వదలవు."

"మరింకేం. నేను దాటుతా."

అయినా నాకు మనసొప్పక, ఆయన తుపాకీలోంచి తూటాని పేల్చే బోల్టు లాగి జేబులో వేసుకున్నాను. తూటా లేదు, బోల్టూ లేదు. చీపురుకట్టకున్నంత ప్రమాదం కూడా దానికి లేదు. పేలని తుపాకీ పట్టుకున్నవాణ్ణి ఎవరు కాలుస్తారు? నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లారాక డెబ్భైమందిమి బయల్దేరాం. పార్కు చివరి వాగు దగ్గర హెలికాప్టరు దింపుకుని హోల్కమ్, వాడి మనుషులు ఐదుగురు కాచుకునున్నారు.

"తుపాకులెక్కడ్రా?"

నేను అరచేతిలో మర పెట్టి చూపించాను. "ఇదుగోండి సార్. ఇంకా పసిది. పెరుగుతుంది."

లాఠీ నా కడుపులో దిగింది. ఆ తర్వాత జోకుల్లేవు. బెసీ అవ్వ చేతిలోని గొట్టం లాగారు. "నా చేతికర్ర!" అని ఆవిడ వదల్లేదు. మణికట్టు పటుక్కున విరిగింది. అయినా వదల్లేదు. ఎవరి ముక్కో చితికింది. ఎవరినో జుట్టు పట్టి రాళ్ళ మీద ఈడ్చారు. వాల్టర్ నెత్తి పగిలి రక్తం కళ్ళలోకి కారుతోంది. చేతిలోని కర్ర మడమని తిరగేసి ఒకడి మోకాలి మీద బాదాడు. "ఇదిగోరా నా లాయరు!"

ఆ గోలలో సైలస్ తాత వాగులో దిగాడు. భుజాన తుపాకీ. వెనక్కి చూడలేదు.

"ఆగు! కాలుస్తా!"

నీళ్ళు మోకాళ్ళు దాటాయి, తొడలు దాటాయి. తాత అవతలి ఒడ్డెక్కాడు. అప్పుడు పేలింది.

తాత ముందుకి పడిపోయాడు. వీపు మీద ఎరుపు పాకుతోంది.

"నాకు గురిపెట్టాడు! అందరూ చూశారుగా!" అని అరిచాడు హోల్కమ్.

నేను జేబులోంచి బోల్టు తీసి చూపించాను. "దాని బోల్టు నా దగ్గరుంది సార్."

నా మాటకి ఎవరూ నవ్వకపోవడం అదే మొదలు.

బెసీ అవ్వ విరిగిన చేతిని గుండెకి అదుముకుని లేచింది. "ఎక్కడ పడ్డాడ్రా?"

"అవతలి ఒడ్డున అవ్వా."

"దాటాకేనా?"

"దాటాకే."

"వేట రాని వెధవల్లారా," అంది రేంజర్ల వైపు తిరిగి, వాగులో కాలు పెట్టింది.

ఆవిడ వెనక వాల్టర్. వాల్టర్ వెనక నేను. నా వెనక ఊరు. వాళ్ళ దగ్గర ఆరు జతల బేడీలున్నాయి, నీళ్ళలో అరవై తొమ్మిదిమందిమి ఉన్నాం. కొట్టారు. పడ్డవాళ్ళు లేచి నడిచారు. హోల్కమ్ మా ముందు నీళ్ళలోకి మూడుసార్లు కాల్చాడు. ఒక్క తలా వెనక్కి తిరగలేదు. నాలుగోసారి వాడి చెయ్యే లేవలేదు.

అవతల తాతని వాల్టర్ భుజానికెత్తుకున్నాడు. గొట్టాలూ మడమలూ టకటకా ఒకటయ్యాయి. ముక్కలు మోసిన చేతులన్నీ తుపాకీలు పట్టుకుని వాగు వైపు తిరిగి నిలబడ్డాయి. మేం వదిలొచ్చిన ఒడ్డున రేంజర్లు ఆరుగురూ ఒక్కో అడుగే వెనక్కి వేశారు.

తాత తుపాకీలో నేను బోల్టు బిగించాను.

కొండ మీంచి దుప్పులు దిగుతున్నాయి. ముందు నడిచేదాన్ని దాటనిచ్చాం.