వందో గోల్ ఇప్పుడే వద్దు

ఆటలోని నాలుగు పావుల్లో మూడోది ముగిసిందని సైరన్ మోగేసరికి మెర్రిగల్ జట్టు ఎనభై ఏడు పాయింట్లు వెనకబడి ఉంది.

చేతులతోనూ కాళ్ళతోనూ ఆడే ఈ ఫుట్‌బాల్‌లో గోల్‌కు ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క స్తంభాల మధ్య పడితే ఒకటి. ఆ లెక్కన మిగిలిన ఒక్క పావులో పదిహేను గోల్స్ కావాలి. ఈ గోధుమ పొలాల ఊళ్ళలో ఆట మొదలైనప్పటి నుంచీ ఒక్క పావులో పద్నాలుగు దాటిన జట్టు లేదు. ఆ పద్నాలుగు కొట్టింది కూడా ఇవాళ ఎదురుగా నిలబడ్డ బాలూక్ జట్టే, 1931లో.

"మా తాతల రికార్డు పగలగొడితేగాని గెలవరు మామా," అన్నాడు కెవ్ డ్రమండ్, బాలూక్ గోల్ ముందు కాపలా కాసే భారీ మనిషి. "సైరన్‌కి ముందే సామాన్లు సర్దుకోండి."

ఓడితే మెర్రిగల్‌కు ఈ ఏడాది ఆట సరి. గెలిస్తే పంతొమ్మిదేళ్ళ తర్వాత ఫైనల్స్.

ఆటగాళ్ళు మైదానం మధ్యలో గుంపుగా చేరారు. కోసిన నారింజ ముక్కలు చేతులు మారాయి. కెప్టెన్ మెర్వ్ రాటిగన్ గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు. ఉపన్యాసాలు రావు. నైరుతి వైపు చెయ్యి చూపించాడు.

గోధుమలు నిల్వచేసే ఎత్తైన సైలోల వెనక ఆకాశం అంచున నల్లటి గీత.

అందరూ రైతులే. ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఉత్తరపు గాలి ఎర్రదుమ్ము లేపుతూ ఊడ్చేస్తోంది. మూడో పావులో దాన్ని వీపున వేసుకునే బాలూక్ పదకొండు గోల్స్ కొట్టింది. ఇప్పుడు వైపులు మారాయి, గాలి మెర్రిగల్‌ది. కానీ ఆ నల్లగీత వచ్చిందంటే గాలి తిరిగి మొహాన కొడుతుంది.

"ఎంతసేపు ఉంటుందంటావ్?" అని అడిగాడు మెర్వ్.

"ఇరవై నిమిషాలు. బతిమాలితే ఇంకో రెండు," అన్నాడు క్లెమ్ హెబర్లే.

క్లెమ్ జట్టులో ముందువరుస ఆటగాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. ఈ ఏడాది అతని గోల్స్ తొంభై తొమ్మిది. మెర్రిగల్ ఊళ్ళో వంద కొట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. పోయినేడు తొంభై ఏడు దగ్గర అతని మోకాలు విరిగింది.

"ఇంకో మాట," అన్నాడు క్లెమ్. "నేను గోల్ కొట్టను."

అందరికంటే పొట్టివాడూ, అందరికంటే వేగంగా పరుగెత్తేవాడూ అయిన టిచ్ నారింజ తొక్క ఉమ్మేశాడు. "తలకి గానీ దెబ్బ తగిలిందా అన్నా?"

"కంచె వైపు చూడు."

చూశారు. మైదానం చుట్టూ కంచె మీద జనం వేలాడుతున్నారు. సగం మంది ఒక కాలు ఇవతల వేసే ఉన్నారు. ఎవరైనా వందో గోల్ కొడితే ఊరంతా మైదానంలోకి దూకడం ఇక్కడి ఆనవాయితీ. పిల్లలు, కుక్కలు, ఫ్లాస్కులు పట్టుకున్న ముసలమ్మలు, అందరూ వస్తారు. వాళ్ళను బయటికి పంపడానికి పది నిమిషాలు కావాలి.

"గడియారం ఆపుతారు. గాలినెవరు ఆపుతారు?" అన్నాడు క్లెమ్.

"మైకులో చెప్పిద్దాం, దూకొద్దని," అన్నాడు టిచ్.

"మైకు బాలూక్ వాళ్ళకి వినపడదా? వాళ్ళే ముందు దూకుతారు."

మెర్వ్ అతని మొహంలోకి చూశాడు. "గాలి మారేలోపు మనం అందుకోలేకపోతే నువ్వు తొంభై తొమ్మిది దగ్గరే ఉండిపోతావురా."

"తెలుసు."

ఆట మొదలైంది.

నిమిషం తిరక్కుండా మొదటి గోల్ పడింది. మెర్వ్ మైదానం మధ్య నుంచి తన్నిన బంతి గాలి మీద తేలిపోయి, ఒక గెంతు గెంతి స్తంభాల మధ్య దూరింది. చుట్టూ ఆపిన కార్లన్నీ హారన్లు మోగించాయి. రెండోది టిచ్. మూడోదీ టిచ్. నాలుగోసారి బంతి నేరుగా క్లెమ్ మీదకు వచ్చింది. అతను కెవ్ భుజాల మీదుగా లేచి పట్టుకున్నాడు. ఎదురుగా గోల్, పాతిక అడుగుల దూరం. కంచె కిర్రుమంది.

క్లెమ్ వెనక్కి తిరిగి, పిడికిలితో బంతిని టిచ్‌కు కొట్టాడు. టిచ్ గోల్ చేశాడు.

జనం అరుపు సగంలో ఆగిపోయింది.

మళ్ళీ అదే జరిగింది. మళ్ళీ. ఎనిమిదో గోల్ పడేసరికి మెర్రిగల్ జనానికి సంతోషించాలో తిట్టాలో తెలియలేదు. క్లెమ్ భార్య వాల్డా కంచె పట్టుకుని కేకేసింది.

"క్లెమ్, మా అమ్మ నీ వందో గోల్ చూడ్డానికి మిల్‌డూరా నుంచి వచ్చింది. నువ్వేమో పెళ్ళిలో తాంబూలం ఇచ్చినట్టు అందరికీ పంచుతున్నావ్."

"కాళ్ళు వణుకుతున్నాయా మామా?" అన్నాడు కెవ్ చెవిలో. "తొంభై తొమ్మిది దగ్గర చాలామందికి వణుకుతాయిలే."

క్లెమ్ కళ్ళు సైలోల వైపు తిరిగాయి. అదే పొరపాటైంది. కెవ్ కూడా అటే చూశాడు. నల్లగీత ఇప్పుడు సగం ఆకాశాన్ని మింగేసింది. కెవ్ చూపు అక్కడి నుంచి కంచె మీదకు, కంచె నుంచి క్లెమ్ మొహం మీదకు వచ్చింది.

"ఓహో," అన్నాడు మెల్లగా. వెంటనే గొంతు చించుకున్నాడు. "వీణ్ణి వదిలేయండ్రా. ఎవరూ అడ్డం రావద్దు. వందోది కొట్టనివ్వండి."

ఆ మైదానంలో అంత వింత ఎవరూ చూడలేదు. లీగ్‌లోకెల్లా ప్రమాదకరమైన ఆటగాణ్ణి గోల్ ముందు ఒంటరిగా వదిలి, అవతలివాళ్ళు దూరంగా జరిగారు. అంతటితో ఊరుకోకుండా కెవ్ అంపైర్ కళ్ళ ముందే క్లెమ్ చొక్కా రెండు చేతులా పట్టుకు లాగాడు. ఈల మోగింది. ఫ్రీ కిక్. గోల్ ఎంత దగ్గరంటే కళ్ళు మూసుకుని తన్నినా పడుతుంది.

"కానియ్ మామా. నా తరఫున కానుక."

క్లెమ్ బంతి తీసుకుని పక్కకు పరుగెత్తి టిచ్ చేతికి అందించాడు. పదో గోల్.

కెవ్ కేకలు కంచె దాకా వెళ్ళాయి. గోల్ కొట్టనివ్వమని బాలూక్ వాడే అడుగుతున్నాడంటే విషయం ఏమిటో, గోధుమ పండించేవాళ్ళకు అర్థం కావడానికి ఎంతసేపు? ఒకరి తర్వాత ఒకరు ఆకాశం చూశారు. మెర్రిగల్ వాళ్ళంతా కంచె దిగారు.

బాలూక్ వాళ్ళంతా కంచె ఎక్కారు.

"కొట్టు క్లెమ్, కొట్టు," అని బాలూక్ జనం అరుస్తుంటే, "కొట్టావంటే ఇంటికి రావద్దు," అని వాల్డా అరిచింది.

కాపలా లేని క్లెమ్ చుట్టూనే ఆటంతా తిరిగింది. బంతి అతని దగ్గరికి రావడం, అతను ఎడమకో కుడికో పంచడం. పదకొండు. పన్నెండు. కెవ్‌కు తను చేసిన తప్పు తెలిసేలోపే పదమూడు. మధ్యలో రెండు గురితప్పి ఒక్కో పాయింట్ తెచ్చాయి. పద్నాలుగోది మెర్వ్ యాభై గజాల నుంచి కొట్టాడు. బంతి స్తంభాలు దాటి సైలో గోడకు తగిలింది.

పాత రికార్డు సమమైంది. తేడా ఒకే ఒక్క పాయింట్.

అప్పుడు గాలి ఆగింది.

ఒక్క క్షణం జెండాలన్నీ వేలాడాయి. తర్వాత చల్లటి దెబ్బ ఒకటి నైరుతి నుంచి వచ్చి, దుమ్మునూ కాగితాలనూ వచ్చిన దారినే వెనక్కి తోసింది. వాన ఏటవాలుగా మొహాలకు కొట్టింది. ఆట ఇంకా రెండు నిమిషాలుంది.

టిచ్ ఎదురుగాలిలోకి బంతిని తన్నాడు. అది పైకి లేచి, ముందుకు రాలేక, నిట్టనిలువునా కిందికి దిగింది. కింద క్లెమ్ ఉన్నాడు. ఈసారి కెవ్ అతని వీపు మీదే ఉన్నాడు. మోకాలి కట్టు చిరిగింది. ఇద్దరూ బురదలో పడ్డారు. బంతి క్లెమ్ చేతుల్లోంచి జారలేదు. నేల తాకకుండా బంతి పట్టినవాడికి ఆగి, గురి చూసి తన్నే హక్కుంది.

"తొంభై తొమ్మిది మంచి అంకె మామా," అన్నాడు కెవ్ రొప్పుతూ. "అక్కడే ఉండు."

"ఇప్పుడు దాచుకోవాల్సిన పని లేదు," అన్నాడు క్లెమ్.

నలభై గజాలు. గాలి ఎదురు. ఎత్తుగా కొడితే తిరిగి తన నెత్తి మీదే పడుతుంది. అందుకని తల ఎత్తు దాటనివ్వకుండా తన్నాడు. కెవ్ గాల్లోకి చాచిన చేతివేళ్ళ పక్క నుంచి బంతి దూసుకుపోయింది. గోల్ గీత ముందు తడిగడ్డి మీద పడి, తటపటాయించి, లోపలికి దొర్లింది.

పదిహేను. వంద. అయిదు పాయింట్ల ఆధిక్యం.

కంచె ఒకవైపు కూలిపోయింది. ఊరంతా మైదానంలో ఉంది. ఎవరో క్లెమ్‌ను భుజాల మీదకు ఎత్తారు, బురదలో కాలుజారి పడేశారు, మళ్ళీ ఎత్తారు. ఇప్పుడు గాలి బాలూక్‌ది. కెవ్ అంపైర్ దగ్గరికి పరుగెత్తాడు. "వీళ్ళని తొందరగా పంపించండి సార్."

మెర్వ్ జనంలోకి దూరి చెవుల్లో చెప్పాడు. "నిదానంగా వెళ్ళండి. కంగారేం లేదు."

వాల్డా వాళ్ళమ్మ మైదానం నడిమధ్యన చతికిలబడింది. అంపైర్ వంగి అడిగాడు. "ఏమైందమ్మా, లేవలేరా?"

"చెప్పు పోయింది నాయనా."

"రెండూ కాళ్ళకే ఉన్నాయి కదండీ."

"అవునా? వయసైపోయింది, కనపడి చావదు."

ఆవిడ లేచేసరికి వాన వెలిసింది. గాలి మెత్తబడింది. ఆట మళ్ళీ మొదలైనప్పుడు బాలూక్ చేతిలో నానిన బంతి, వట్టి ఆకాశం మిగిలాయి. వాళ్ళు ఒకే ఒక్కసారి గోల్ దాకా వచ్చారు. గురి తప్పింది. ఒక్క పాయింట్. వెంటనే సైరన్.

నాలుగు పాయింట్ల తేడాతో మెర్రిగల్ గెలిచింది. హారన్లు ఆగకుండా మోగుతుంటే ఆటగాళ్ళు ఒకరి మెడలొకరు పట్టుకుని ఊగిపోయారు. కాసేపటికి టిచ్ తల పైకెత్తాడు.

"అవునూ, వచ్చే శనివారం ఫైనల్ ఎవరితో?"

ఎవరికీ తెలియదు. పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ ఆ విషయం కనుక్కోలేదు.

"లార్కిన్స్ క్రీక్‌తో," అన్నాడు పక్క నుంచి వెళుతున్న కెవ్. "రెండున్నరకి, వాళ్ళ మైదానంలోనే. బస్సు కూడా మాట్లాడి పెట్టుకున్నాం. కావాలంటే తీసుకోండి మామా."