సొక్ హియాంగ్ భోంచేసిందా?

సపియాకి కలలో ఒక ఆడమనిషి కనిపించడం మొదలై అప్పటికి నెల దాటింది. ఆ సంగతి నాకు లిఫ్టులో చెప్పింది. తొమ్మిదో అంతస్తులో మొదలుపెట్టి, కింద తలుపు తెరుచుకునేసరికి ముగించి, ఏమీ ఎరగనట్టు చేపల కొట్టు వైపు నడిచింది.

ముప్ఫై నాలుగేళ్ళుగా మా గుమ్మాలు పక్కపక్కన. ఆమె తలుపు మీద అరబ్బీ అక్షరాలు, నా తలుపు పక్కన ఎర్ర డబ్బాలో అగరొత్తులు. సపియా మొహం చూస్తే నాకంటే చీనా మనిషి. నోరు విప్పితే మలాయ్ తప్ప ఇంకో మాట రాదు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు మలాయ్ ఇంటికి పెంపకానికి వెళ్ళిందని బ్లాకులో అందరికీ తెలుసు. ఎవరూ అనరు, అంతే.

నాకు ఓపిక తక్కువ. చేపల కొట్టు దగ్గరికే వెళ్ళి పట్టుకున్నాను.

"సగం చెప్పి పోతావేమే? ఏం చేస్తుంది ఆ మనిషి?"

"ఏమీ చెయ్యదక్కా. మడమల లోతు నీళ్ళలో నిలబడి నన్నే చూస్తుంది. చిన్నపిల్ల. నా మనవరాలి ఈడు ఉంటుంది."

చచ్చినవాళ్ళు కలలో తడికాళ్ళతో వచ్చారంటే సమాధిలో నీళ్ళు చేరాయని మా హొక్కియన్ చీనావాళ్ళలో ఎవరైనా చెబుతారు. నేనూ అదే చెప్పాను. సపియా చేతిలోని చేపను తిరిగి మంచు మీద పెట్టింది. తర్వాత ఒక పేరు చెప్పింది. సొక్ హియాంగ్. కన్నతల్లి పేరట. పెంచిన తల్లి పోయేముందు చెవిలో చెప్పి పోయిందట.

పాత గుట్ట మీది శ్మశానాన్ని తవ్వి రోడ్డు వేస్తారని, అందులో ఉన్నవాళ్ళ పేర్లు పేపర్లో వేశారు. వేలల్లో ఉన్న ఆ పేర్లను కళ్ళజోడు పెట్టుకుని రెండు రోజులు వెతికాను. దొరికింది. ఇరవై నాలుగేళ్ళకే పోయింది. సోమవారంలోపు ఎవరైనా మావాళ్ళే అని సంతకం పెడితే అస్థికలు ఇస్తారు. లేకపోతే కాల్చి, కొన్నాళ్ళు చూసి, సముద్రంలో కలుపుతారు.

"ఇంకేం, వెళ్ళి సంతకం పెట్టు" అన్నాను.

సపియా పెట్టనంది. ఎందుకని గద్దించాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

సపియా చీనా లెక్కలో పులి సంవత్సరంలో పుట్టింది. పుట్టిన పద్దెనిమిదో రోజున తల్లి పోయింది. పులి ఏట పుట్టిన ఆడపిల్ల తల్లిని మింగేసిందన్నాడు జ్యోతిష్కుడు. తండ్రి నమ్మాడు. బట్టలుతికే మలాయ్ ఆవిడ ఒడిలో బిడ్డను పెట్టి ఓడెక్కి పోయాడు.

"నా మీద కోపం ఉందేమోనక్కా. కోపంతోనే వస్తోందేమో. అలాంటిదాన్ని నేను కూతుర్నని ఏ మొహం పెట్టుకుని రాయను?" అంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, చిన్నపిల్లలా చున్నీ అంచు నలుపుకుంటూ. "మీవాళ్ళు చచ్చినవాళ్ళని అడుగుతారు కదా, నాణేలు వేసి. నువ్వు అడుగు. కోపం లేదంటే సంతకం పెడతాను. ఉందంటే ఆవిడ దారిన ఆవిడను పోనిస్తాను."

ఆ జ్యోతిష్కుడు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

చింగ్ మింగ్, అదే మా సమాధుల పండుగ, దాటిన శనివారం బయల్దేరాం. ఆ పండుగా రంజాన్ నెలా ఆ ఏడు కలిసొచ్చాయి. సపియా రోజా ఉపవాసంలో ఉంది. నేను పంది మాంసం వండలేదు. ఆమె పక్కన కూర్చుంటుంది కదా అని కోడి, చేప, నూడుల్స్, కమలాలు సర్దాను.

"మీ అమ్మ ఒక్క ఏడాది పంది మాంసం లేకపోతే చావదులే" అన్నాను టాక్సీలో. "ఎలాగూ చచ్చింది."

సపియా నవ్వు ఆపుకోలేక నన్ను గిల్లింది. డ్రైవరు తమిళ కుర్రాడు, అద్దంలోంచి మా ఇద్దరినీ చూసి, దేవుడి పటాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

గుట్ట మీద అప్పుడే వాన వెలిసింది. చెట్ల కింద పొగలాంటి ఆవిరి. సమాధులు అర్ధచంద్రాల్లా గడ్డిలో కూరుకుపోయి, ఎన్నెన్ని ఇళ్ళ వాకిళ్ళో వరుసగా నిద్రపోతున్నట్టున్నాయి. సొక్ హియాంగ్ ఇల్లు పల్లంలో ఉంది. ముందున్న గచ్చు మీద మడమల లోతు నీళ్ళు. సపియా చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగి, వంగి గడ్డి పీకడం మొదలుపెట్టింది.

"నేను దండం పెట్టకూడదు" అంది. "గడ్డి పీకడానికి ఏం అడ్డు లేదుగా."

ఎత్తుగా ఉన్న రాతిమీద పళ్ళేలు సర్ది, కొవ్వొత్తులు వెలిగించి, నేనెవరో ఏ బ్లాకో సొక్ హియాంగ్‌కి చెప్పుకున్నాను. వచ్చింది నీ కూతురని చెప్పాను. అర్ధగంట ఆగి రెండు నాణేలు తీశాను. ఒకటి బొమ్మా ఒకటి బొరుసూ పడితే అవునని. రెండూ ఒకేలా పడితే ఇంకా లేదని. ముందు తిన్నావా అని అడగాలి. భోంచేస్తున్న మనిషిని మధ్యలో వేరే మాటలు అడగకూడదు.

"తిన్నావామ్మా?"

రెండూ బొమ్మలే.

"తీరిగ్గా తిను" అన్నాను. పావుగంట తర్వాత వేశాను. రెండూ బొరుసులు. మళ్ళీ వేశాను. మళ్ళీ లేదు. నాలుగోసారి, అయిదోసారి కూడా లేదు. యాభై ఏళ్ళుగా మా అత్తమామలకి వేస్తున్నాను, మూడోసారికి మించి ఎవరూ నన్ను కూర్చోబెట్టలేదు.

సపియా గడ్డి పీకడం మానేసింది. "తినదక్కా. నా మొహం చూసి తినదు."

"నోర్మూసుకో. ఉప్పు తక్కువైందేమో."

ఆరోసారికి నాకు ఒళ్ళు మండింది. "ఇదిగో సొక్ హియాంగ్, నువ్వు నాకంటే యాభై ఏళ్ళు చిన్నదానివి. ఈ పెంకితనం నా దగ్గర కాదు. ఈ మోకాళ్ళతో గుట్టెక్కి వచ్చాను" అని గట్టిగానే తిట్టాను. చెట్టు మీది పిట్ట లేచిపోయింది. సొక్ హియాంగ్ ఏమీ చలించలేదు.

ఎండ పసుపురంగుకి తిరిగింది. రాతికి ఆనుకుని కూర్చున్నాను, కళ్ళు మూతపడ్డాయి. నా కొడుకు చర్చికి వెళ్ళడం మొదలుపెట్టి పదేళ్ళయింది. మంచివాడే. నేను పోయాక తిన్నావా అమ్మా అని నాణేలు వేసేవాడు మాత్రం లేడు. ఆ దిగులు మీదే నిద్ర పట్టింది కాబోలు, ఎదురుగా ఒక పిల్ల కూర్చుని ఉంది. నీలం జాకెట్టు, తడిసిన లాగు. ముందు గిన్నె పొగలు కక్కుతోంది. అన్నం తినే పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మా సపియా మొహంలోకి చూస్తోంది. కోపంగా లేదు. ఎవరో స్నానం చేసి వచ్చేదాకా ఆగిన ఇల్లాలిలా ఉంది. తినవే, చల్లారిపోతుంది అంటున్నాను, నా మాట బయటికి రావడం లేదు.

సపియా ఫోనులో సాయంత్రపు అజాన్ మోగి మెలకువ వచ్చింది. గుట్ట మీద వెలుగు దాదాపు పోయింది. సపియా గచ్చు అంచున కూర్చుని ఉంది, కళ్ళు ఏడ్చి వాచాయి.

"పోదాం పద అక్కా. నువ్వు నిద్రలో ఉండగా నేనే ఒకసారి వేశాను. తప్పే, తెలుసు. అప్పుడూ లేదనే పడింది. ఏడుసార్లు. ఇంకేం కావాలి?"

"పోదాంలే. రోజా విడిచే వేళయింది, ముందు నోట్లో ఏదైనా వేసుకో. తెల్లవారుజామునుంచి మంచినీళ్ళు కూడా లేవు."

సపియా సంచిలోంచి తన డబ్బా తీసింది. మసీదులో ఇచ్చిన గంజి, మూడు ఖర్జూరాలు. పెదాలు కదిపి ఏదో చదువుకుని, ఒక ఖర్జూరం నోట్లో పెట్టుకుంది. నీళ్ళు తాగింది. రెండు చెంచాల గంజి తాగింది. ఆకలి ఆకలే, కన్నీళ్ళు కారుతున్నా గబగబా తింటోంది.

పళ్ళేలు ఎత్తేద్దామని లేచాను. అడక్కుండా ఎత్తడం మర్యాద కాదు. ఊరికే, అలవాటు కొద్దీ, నాణేలు విసిరాను.

ఒకటి బొమ్మ. ఒకటి బొరుసు.

చీకట్లో సరిగా కనపడలేదేమోనని ఫోను వెలుగులో చూశాను. వేలితో తడిమాను. ఇంత వయసొచ్చి, ఇద్దరు పిల్లల్ని పెంచి, ఇంత చిన్న సంగతి తెలుసుకోలేకపోయినందుకు నా బుర్రను నేనే కొట్టుకోవాలనిపించింది. మధ్యాహ్నం నుంచీ ఆ పిల్ల ముందు అన్నం పెట్టి, పక్కనే ఆమె కూతుర్ని పస్తు కూర్చోబెట్టాను.

"సపియా, ఇటు చూడు."

చూసింది. చెంచా గాల్లోనే ఆగిపోయింది. చేతిలోని గంజి డబ్బా వైపు ఒకసారి చూసుకుంది. ఆమె రాతి మీది పేరు వైపు తిరిగింది. ఆ అక్షరాలు చదవడం రాదు, అయినా చాలాసేపు చూసింది.

"ఇప్పుడు అడగనా, కోపం ఉందా అని?" అన్నాను.

వద్దన్నట్టు తల ఊపింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడవసాగింది. ఆమె వీపు మీద చెయ్యి వేశాను, తీయలేదు.

"సోమవారం పొద్దున్నే వెళ్దామక్కా, ఆఫీసు తెరవగానే" అంది చున్నీతో కళ్ళు తుడుచుకుని.

"వెళ్దాం. ముందు ఆ గంజి తాగు, ఆ రెండు ఖర్జూరాలు కూడా తిను. నువ్వు మధ్యలో ఆపితే మీ అమ్మా ఆపేస్తుంది."