కత్తెర పడిన గుడ్డ

నైజీరియాలోని ఇబాదాన్ గుడ్డల బజారులో ఇయా మొరెనికే (అక్కడ తల్లిని 'ఇయా' అని, బిడ్డ పేరు కలిపి పిలుస్తారు) దుకాణానికి ఒక కట్టుబాటు ఉంది: కత్తెర పడ్డాక గుడ్డ వెనక్కి తీసుకోదు. పెళ్ళి ఆగిపోయిందని ఏడుస్తూ వచ్చినవాళ్ళను కూడా అలాగే తిప్పి పంపింది. "కన్నీళ్ళు కొలిచే బద్ద నా దగ్గర లేదు తల్లీ" అనేది.

ఆ నెల ఆమె కత్తెర సొంత ఇంటికోసమే ఆడింది. కూతురు మొరెనికే వీడియో ఒకటి ఫోన్లో కనబడింది. తెల్లచొక్కా నిండా స్నేహితుల సంతకాలు, దానితో గంతులు. చివరి పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలే ఆ చొక్కా తొడుక్కుంటారు. చదువు గట్టెక్కిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఎవరడుగుతారు? తల్లి ఆ వీడియోను బజారంతా చూపించింది. కూతురు గట్టెక్కినందుకు పెట్టే విందులో అక్కడి ఆచారం ప్రకారం బంధువులంతా ఒకే గుడ్డ కట్టాలి కనుక నీలం లేసు తానులు దించి, అక్కచెల్లెళ్ళకూ ఆడపడుచులకూ కోసి పంచేసింది.

తరువాత ఒకరోజు కూతురి క్లాసు కుర్రాడు దామిలారే చొక్కాగుడ్డ కొనడానికి వచ్చాడు.

"ఆ పోయిన పేపరు మొరెనికే వచ్చే ఏడు రాస్తుందా అమ్మా?" అన్నాడు మామూలుగా.

"ఏ పేపరు?"

కుర్రాడు నాలుక కరుచుకున్నాడు. ఆమె వదల్లేదు, కూర్చోబెట్టి అంతా కక్కించింది. మధ్యాహ్నం జరగాల్సిన చివరి పరీక్ష పొద్దుటికి మారింది. ఆ సంగతి క్లాసు వాట్సాప్ గుంపులో ముందురోజే వచ్చింది. ఫోన్లో తను పెట్టే డాన్సు లైవులకు అడ్డొస్తోందని మొరెనికే ఆ గుంపును మ్యూట్ చేసి నోరు ఎప్పుడో నొక్కేసింది. మధ్యాహ్నం తను వెళ్ళేసరికి అందరూ రాసి బయటికొచ్చి సంతకాలకు చొక్కాలు చాస్తున్నారు. తనూ చాచింది.

పక్క కొట్టు ఇయా సికిరు చెవులు మూసుకుని కూర్చోలేదు. "రాయకుండానే సంతకాలా? అయితే మా మేకకూ ఓ చొక్కా కుట్టించాలి అక్కా."

ఇయా మొరెనికే కొట్టు మూసి ఇంటికి నడిచింది. కూతురు వీడియో లైటు ముందు కూర్చుని తల దువ్వుకుంటోంది. తల్లి లైటు ఆర్పింది.

విషయం తెలిసిందని మొరెనికేకు అర్థమైంది. "అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నే ఏడుస్తూ నిలబడనా? సరదాకి ఆ వీడియో పెట్టాను. బజారంతా తిప్పింది నువ్వే కదమ్మా. ఆ తర్వాత ఎలా చెప్పను?"

"తిప్పాను. నా సరుకని నమ్మి తిప్పాను. నువ్వు చిరుగును మడతలో పెట్టి నాకే అంటగట్టావు." తల్లి గొంతు పెంచలేదు. "ఎంతమంది చూశారే దాన్ని?"

"పన్నెండు వేలు."

"వాళ్ళలో ఒక్కడొచ్చి నీ పేపరు రాస్తాడా?"

మొరెనికే పిన్నులకూ అత్తలకూ క్షమించమని వాయిస్ పంపుతానంటూ ఫోను అందుకుంది. తల్లి దాన్ని లాక్కుని నడుముకు దోపుకుంది.

"ఆ చొక్కా తొడుక్కో. ఒక్కొక్కరి గడప ఎక్కి నీ నోటితో చెప్పు."

"గుడ్డ వెనక్కి ఇమ్మననా?"

"కత్తెర పడిన గుడ్డ నేను తీసుకోను. దాచుకోమను. నువ్వు రాసి గట్టెక్కిన రోజున కడతారు."

మొరెనికే చొక్కా తొడుక్కుని గడప దాటింది. తల్లి ఆమె వెనక తలుపు వేసింది. నడుము దగ్గర ఫోను ఆగకుండా కుయ్ కుయ్ మంటోంది. ఇంకెవరో ఆ చొక్కాను మెచ్చుకుంటున్నారు కాబోలు.