పొయ్యిలో పచ్చిపుల్ల

సిద్దికా మేడం పద్యం ఎత్తుకుంటే పక్క గదిలో లెక్కల మాస్టారు సుద్దముక్క కింద పెట్టి కూర్చోవాల్సిందే. గొంతు అంత పెద్దది. వినుకొండలో పుట్టి పెరిగి, తెలుగు పండితురాలై, వేరే ఊళ్ళలో పదేళ్ళు పాఠాలు చెప్పి, అద్దంకి దగ్గర ఈ ఊరి హైస్కూలుకి వచ్చి రెండేళ్ళయింది. సాయిబుల ఇంటి ఆడపిల్ల తెలుగు పద్యం చెప్పడమేమిటని మొదట్లో బుగ్గలు నొక్కుకున్న వాళ్ళే ఇప్పుడు మా పిల్లని మీ క్లాసులో వెయ్యండి అని వెంటపడుతున్నారు.

ఆవిడ బాధల్లా ఒక్కటే. తొమ్మిదో తరగతి పిల్లలు పద్యం గడగడా అప్పజెప్పేవాళ్ళు. పొరపాటున మధ్యలో ఆపి, ఏమర్థమైందిరా అని అడిగితే మాత్రం బిక్కమొహం వేసేవాళ్ళు. అందుకని కిందటేడు ఒక పద్ధతి పెట్టింది. పద్యం చెప్పిన మర్నాడు ఎవరికి తోచిందాన్ని వాళ్ళు ఫోన్లో పట్టుకుని రావాలి. చప్పుడో, ఫోటోవో, వీడియోనో ఏదైనా సరే. దాన్ని గోడమీది పెద్ద టీవీలో వేసి చూసి, అప్పుడు మళ్ళీ పద్యం చదవాలి. వాన పద్యానికి ఒకడు రేకుల షెడ్డు మీద వడగళ్ళ మోత తెచ్చాడు. తన గొప్ప తానే చెప్పుకునే రాజు పద్యానికి ఇంకొకడు ఎన్నికల ఆటోలో మైకు అరుపులు తెచ్చాడు. ఆ రోజు సిద్దికా మేడం నవ్వలేక కుర్చీలో కూలబడింది. నవ్వుతూనే ఆ పద్యం క్లాసంతటికీ వచ్చేసింది కూడా.

హెడ్మాస్టరు కరుణాకర్‌గారికి ఈ గోల నచ్చలేదు. మనిషి చెడ్డవాడు కాదు గానీ ఫోను పేరు చెబితే ఉలిక్కిపడతాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఏ ఒక్క తల్లిగానీ తండ్రిగానీ వచ్చి ఫిర్యాదు చేశారా, ఆ రోజు నుంచి ఫోన్లు తన బీరువాలోకి, మేడం గైడులోకి. సిద్దికా సరేనంది. అన్నదే గానీ, మళ్ళీ ఆ గైడు పట్టుకుని ప్రశ్నలూ జవాబులూ చెప్పించే రోజులు తలుచుకుంటేనే ఆవిడకి ప్రాణం ఉసూరుమనేది.

ఫిబ్రవరిలో, ఊళ్ళో కల్లాలన్నీ మిరపకాయలతో ఎర్రబడ్డ రోజుల్లో, ఒక పద్యం వచ్చింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల పుట్టింటి మీద బెంగ పెట్టుకుని వంటింట్లో ఒంటరిగా ఏడుస్తుంటుంది. అత్తగారు వచ్చి, కళ్ళెందుకమ్మా అలా ఎర్రబడ్డాయి అని అడుగుతుంది. పొయ్యిలో పొగండీ అంటుంది పిల్ల. పద్యం అంతే. పిల్లలు అప్పజెప్పారు. పొగకి కళ్ళు మండుతాయి మేడం, ఇందులో ఏముంది అన్నారు. ఇళ్ళన్నిటా గ్యాసు పొయ్యిలున్నప్పుడు ఇంకేమంటారు పాపం.

సోమవారం నాడు జ్యోతిర్మయి ఒక వీడియో తెచ్చింది. క్లాసులో మొదటి ర్యాంకు పిల్ల. ఆదివారం కల్లానికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి తీసిందట. చీరల మీద మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని పదిమంది ఆడవాళ్ళు ఎర్రకాయల్లోంచి తెల్లబోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకి అందరి కళ్ళూ కారుతున్నాయి. మధ్యలో జ్యోతిర్మయి వాళ్ళమ్మ గురవమ్మ కళ్ళయితే ధారలే. పక్కనున్న ముసలి పిచ్చమ్మ ఉన్నట్టుండి రెండు చేతులా కాయలెత్తి కుప్ప మీద దులిపింది. దుమ్ము లేచింది, అందరూ ఒక్కసారి తుమ్మారు. క్లాసు పడీపడీ నవ్వింది. సిద్దికా కూడా నవ్వింది. పొగకి బదులు ఘాటు, బాగానే దొరికిందే అని మెచ్చుకుంది.

సాయంత్రానికి ఊరంతా పాకింది. గురవమ్మ ఏడుపు బళ్ళో టీవీలో వేశారట అని.

బుధవారం మూడో పీరియడ్‌లో గురవమ్మ కల్లం నుంచి తిన్నగా వచ్చేసింది. ఒంటి మీద చొక్కా కూడా విప్పలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడీ నిలబడకముందే ముందు బెంచీల వాళ్ళు వరసగా తుమ్మడం మొదలెట్టారు. వెనకాలే కరుణాకర్‌గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చాడు. ఆయన మొహంలో నేను ముందే చెప్పానుగా అన్న మాట స్పష్టంగా కనిపిస్తోంది. జ్యోతిర్మయి తల వంచేసి బల్ల మీద గోటితో గీతలు గీస్తోంది.

సిద్దికాకి బీరువా, గైడు గుర్తొచ్చాయి. అయినా తప్పు తనదే. అడక్కుండా ఒకరి తల్లిని నలుగురిలో చూపించి నవ్వింది తను. తప్పయిపోయిందమ్మా, మిమ్మల్ని అడగాల్సింది అని అందరి ముందూ చెప్పింది.  గురవమ్మ, అసలు ఏ పాఠానికి అది వేశారో తనకి చెప్పమంది.

సిద్దికా పద్యం చదివింది. ఈసారి గొంతు ఎత్తలేదు. అర్థం కూడా చెప్పింది. గురవమ్మ నిలబడే వింది. విని, ఆ వీడియో తను చూడలేదు, వెయ్యమంది. కరుణాకర్‌గారు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు గానీ ఆవిడ ఆయన వైపు చూడనే లేదు. వీడియో వేశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మీరు మమ్మల్నందర్నీ ఒక్క గాటన కట్టేశారండీ," అంది గురవమ్మ. "చూడండి, వాళ్ళంతా చొక్కా చేతికి కళ్ళు తుడుచుకుంటన్నారు. నేను తుడుచుకుంటన్నానా? ఘాటుకొచ్చిన నీళ్ళయితే తుడుచుకుంటాం. ఏడుపయితే తుడుచుకోం. మా పనిలో మనసారా ఏడవాలంటే కల్లాన్ని మించిన చోటు లేదు మేడంగారూ. ఎందుకని అడిగేవాళ్ళుండరు."

 సిద్దికా మళ్ళీ పుస్తకంలోకి చూసుకుంది. పన్నెండేళ్ళుగా చెబుతున్న పద్యం. ఆ పిల్ల ఏడిచాక పొగని సాకుగా చెప్పడం కాదు, పొగ ఉంది కాబట్టే ఏడవడానికి వంటింట్లోకి వెళ్ళిందన్న సంగతి ఆవిడకి ఇప్పుడు తట్టింది. సిగ్గేసింది, అంతకు పదింతలు సంతోషమూ వేసింది.

గురవమ్మ ఇంకా టీవీ వైపే చూస్తోంది. అత్తగారు ఆ పొగ మాట నమ్మిందా అని అడిగింది. అది తరవాతి పద్యంలో ఉందనీ, ఇంకా చెప్పలేదనీ అంది సిద్దికా. "నమ్మదండీ," అంది గురవమ్మ. "తనూ ఒకప్పుడు కోడలే కదా."

సిద్దికా పేజీ తిప్పి తరవాతి పద్యం చదివింది. అత్తగారు ఇంకేమీ అడగదు. ఒక పచ్చిపుల్ల తెచ్చి పొయ్యిలో పెట్టి వెళ్ళిపోతుంది. పొగ ఇంకాస్త ఎక్కువవుతుంది.

చదవడం అయింది. అప్పుడు జ్యోతిర్మయి లేచి, ఎవరూ చెప్పకుండానే టీవీ దగ్గరికి వెళ్ళి, వీడియోని వెనక్కి జరిపింది. పిచ్చమ్మ పక్కకి తిరిగి గురవమ్మ మొహం చూసింది. ఒక్క క్షణం ఆగింది. తరవాతే రెండు చేతులా కాయలెత్తి దులిపింది. సోమవారం నాడు అందరూ దుమ్మునే చూశారు, ఆ చూపుని చూడలేదు.

"మేడం, ఆ ఆదివారం పొద్దున నేనే అన్నాను," అంది జ్యోతిర్మయి.  "వచ్చే శనివారం తల్లిదండ్రుల మీటింగుకి రావద్దన్నాను అమ్మని. నువ్వొస్తే అందరూ తుమ్ముతారు, నాకు సిగ్గుగా ఉంటుంది అన్నాను."

"ఇప్పుడవన్నీ ఎందుకే," అంది గురవమ్మ. జ్యోతిర్మయి వచ్చి ఆ చొక్కాని పట్టుకుని తల్లి భుజం మీద మొహం దాచుకుంది. రెండు తుమ్ములు కూడా తుమ్మింది. పిల్లలకి నవ్వొచ్చింది, గురవమ్మకీ వచ్చింది. సిద్దికాకి మాత్రం కళ్ళు నిండిపోయి అక్షరాలు కనబడలేదు.

కరుణాకర్‌గారు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఇందాకే గేటు దగ్గరి రిజిస్టరులో గురవమ్మ పేరు రాసి, వచ్చిన పని అన్న గడిలో 'ఫిర్యాదు' అని కూడా రాసేశాడట. దాన్ని చంకలో పెట్టుకునే వచ్చాడు. మరి ఫిర్యాదు ఏమని రాసుకోమంటారమ్మా అని అడిగాడు.

గురవమ్మ కాస్త ఆలోచించింది. "అడక్కుండా వీడియోలు తియ్యొద్దని రాయండి. పద్యం సగంలో ఆపొద్దని కూడా రాయండి. అది రెండు రోజులు ఆగబట్టి కదా నేను పని మానుకుని రావాల్సొచ్చింది," అంది.

ఆయన నిలబడే రాసుకున్నాడు. రాసింది ఒకసారి చూసుకుని, ఎందుకో మళ్ళీ కలం తీసి ఏదో కొట్టేసి, సంతకం పెట్టించడానికి రిజిస్టరు గురవమ్మ ముందు పెట్టాడు. ఆవిడకి చదువు రాదు. ఏం రాశారో చదవమని కూతురితో అంది. జ్యోతిర్మయి కళ్ళు తుడుచుకుని చదివింది. 'ఫిర్యాదు' అన్న మాట మీద అడ్డగీత ఉంది. దాని పక్కన కరుణాకర్‌గారి గుండ్రటి చేతిరాతలో 'తొమ్మిదో తరగతికి పాఠం చెప్పడానికి' అని ఉంది.

గురవమ్మ ఆ గడి వంక చాలాసేపు చూసింది. మళ్ళీ ఒకసారి చదవమంది.